ఆట తెలిసినవాడు ఆఫీసులో ఉండాలా?

టీమ్ ఓడిపోయిన రాత్రి ఫుట్‌బాల్ వాట్సాప్ గ్రూపుల్లో మెసేజ్‌ల వరస ఎప్పుడూ ఒకటే. మొదటి పది నిమిషాలు రిఫరీకి తిట్లు. తర్వాత అరగంట కోచ్ వంతు. అర్ధరాత్రి దాటాక ఎవరో ఒకరు అసలు మాట అంటారు: ‘పైన కూర్చున్నవాళ్లలో ఫుట్‌బాల్ తెలిసినవాడు ఒక్కడన్నా ఉన్నాడా?’ దాని కింద వరసగా చప్పట్ల ఎమోజీలు. ఇక అందరూ ఫోన్లు పక్కన పడేసి పడుకుంటారు.

నాకు మాత్రం చర్చ అక్కడే మొదలవ్వాలనిపిస్తుంది. ఎందుకంటే ఆ ప్రశ్నకి అందరూ ‘అవును, ఉండాలి’ అనే జవాబు ముందే పెట్టేసుకుని అడుగుతారు. నిజంగా ఉండాలా? ఉంటే సరిపోతుందా? అసలు ‘ఫుట్‌బాల్ తెలిసినవాడు’ అంటే ఎవరు? వరల్డ్ కప్ ఆడినవాడా, ఇరవై ఏళ్లు స్కౌటింగ్ చేసినవాడా, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఆటగాళ్ల లెక్కలు తీసేవాడా?

మీలో చాలామందికి ఇది ఆఫీసు ప్రశ్న కూడా. జీవితంలో ఒక్క లైన్ కోడ్ రాయని మేనేజర్ మీ ప్రాజెక్టుకి డెడ్‌లైన్ పెడితే ఎలా ఉంటుందో మీకు తెలుసు. అద్భుతంగా కోడ్ రాసే సీనియర్‌ని మేనేజర్ని చేస్తే టీమ్ మొత్తం ఆగమైపోయిన సందర్భాలూ చూసే ఉంటారు. రెండూ నిజమే. ఫుట్‌బాల్‌లోనూ అంతే. కాకపోతే అక్కడ ప్రతి తప్పూ కోట్లమంది ముందు, స్కోరుబోర్డుతో సహా కనిపిస్తుంది.

కోచ్ పోతాడు, కాంట్రాక్టు ఉంటుంది

ముందు ఎవరి పని ఏమిటో చూద్దాం. ఓనర్ డబ్బు పెడతాడు. సీఈఓ ఆ డబ్బు సంగతి చూస్తాడు. స్పాన్సర్లు, టికెట్లు, స్టేడియం, జీతాలు అన్నీ ఆయన టేబుల్ మీదే. కోచ్ పదకొండు మందిని ఎంచుకుని ఆడిస్తాడు. వీళ్లిద్దరి మధ్య ఇంకో కుర్చీ ఉంటుంది. కొన్ని క్లబ్బుల్లో దాన్ని స్పోర్టింగ్ డైరెక్టర్ అంటారు, కొన్నిచోట్ల ఫుట్‌బాల్ డైరెక్టర్ అంటారు. ఎవరిని కొనాలి, ఎవరిని అమ్మాలి, అకాడమీ నుంచి ఏ కుర్రాణ్ణి పైకి తేవాలి, ఈ కోచ్ పోతే తర్వాత ఎవరు... ఇవన్నీ ఆ కుర్చీ పనులు.

ఆ కుర్చీ ఎందుకంటే, లెక్క చాలా సింపుల్. ఈ రోజుల్లో పెద్ద క్లబ్బులో కోచ్‌కి రెండు మూడేళ్లు దక్కితే గొప్ప. ఆటగాడికి ఇచ్చే కాంట్రాక్టు నాలుగైదేళ్లు. అంటే ఒక కోచ్ ముచ్చటపడి కొనిపించిన ఆటగాడు, ఆ కోచ్ వెళ్లిపోయాక కూడా రెండు మూడేళ్లు క్లబ్బులోనే ఉంటాడు, వారం వారం జీతం తీసుకుంటూ. కొత్త కోచ్‌కి అతను నచ్చడు. ఇంకొకణ్ణి కొనమంటాడు. ఇలా రెండు మూడు సార్లు జరిగితే డ్రెస్సింగ్ రూమ్ కాస్తా పెళ్లివారి విడిదిల్లులా తయారవుతుంది. ఎవరు ఎవరి తరఫు చుట్టమో ఎవరికీ తెలియదు.

కోచ్‌ని మించి క్లబ్ గురించి ఆలోచించేవాడు ఒకడు ఉండాలన్నది అందుకే. ఆ ఒకడు లేకపోతే ఏమవుతుందో చూడాలంటే మాంచెస్టర్ యునైటెడ్ కన్నా పెద్ద పాఠం లేదు.

ఇద్దరూ అకౌంటెంట్లే

2013 మే. సర్ అలెక్స్ ఫెర్గూసన్ 26 ఏళ్ల పైచిలుకు కొలువు తర్వాత, 13వ లీగ్ టైటిల్ చేతిలో పెట్టుకుని రిటైరయ్యాడు. అదే వేసవిలో సీఈఓ డేవిడ్ గిల్ కూడా ఆ పదవి వదిలేశాడు. పగ్గాలు ఎడ్ వుడ్‌వర్డ్ చేతికొచ్చాయి. వుడ్‌వర్డ్ ఎవరు? బ్రిస్టల్‌లో ఫిజిక్స్ చదివి, చార్టర్డ్ అకౌంటెంట్ అయి, జేపీ మోర్గాన్ బ్యాంకులో పనిచేసినవాడు. 2005లో గ్లేజర్ కుటుంబం క్లబ్బుని కొన్నప్పుడు ఆ డీల్‌కి సలహాలిచ్చినవాడు.

‘అదిగో, బ్యాంకర్‌ని తెచ్చి కూర్చోబెట్టారు, అందుకే మునిగింది’ అని మనవాళ్లు ఇక్కడే తీర్పు ఇచ్చేస్తారు. కాస్త ఆగండి. డేవిడ్ గిల్ ఎవరనుకున్నారు? ఆయన కూడా చార్టర్డ్ అకౌంటెంటే. 1997లో యునైటెడ్‌లో చేరింది ఫైనాన్స్ డైరెక్టర్‌గానే. మరి గిల్ ఉన్నన్నాళ్లూ లీగ్ టైటిళ్లెందుకొచ్చాయి? వుడ్‌వర్డ్ హయాంలో ఎందుకు ఆగిపోయాయి?

గిల్ పక్కన ఫెర్గూసన్ ఉన్నాడు. అంతే తేడా. పేరుకి ఫెర్గూసన్ కోచే. చేసింది మాత్రం ఆ మధ్య కుర్చీ పని మొత్తం. ఎవరిని కొనాలో, ఎవరి పని అయిపోయిందో, అకాడమీలో ఏ కుర్రాడి కాలు బాగుందో ఆయనకి తెలుసు. గిల్ బేరం చూసేవాడు, ఫెర్గూసన్ ఆటగాణ్ణి చూసేవాడు. ఇద్దరూ ఒకేసారి వెళ్లిపోయినప్పుడు క్లబ్ ఇద్దరు మనుషుల్ని పోగొట్టుకున్నానని అనుకుంది. పోయింది మూడు కుర్చీలు. మూడోదానికి పేరు లేదు కాబట్టి ఖాళీ అయిందని కూడా ఎవరూ గుర్తించలేదు.

మొదటి వేసవిలోనే ఫలితం కనిపించింది. ఎవర్టన్ ఆటగాడు మరువాన్ ఫెల్లాయిని కాంట్రాక్టులో 23.5 మిలియన్ పౌండ్లు కడితే తీసుకెళ్లొచ్చనే షరతు ఉండేది. దాని గడువు జూలై ఆఖరుకి ముగిసింది. యునైటెడ్ అతణ్ణి సెప్టెంబర్ మొదట్లో, మార్కెట్ మూసే రోజున, 27.5 మిలియన్లు పెట్టి కొంది. ఇందులో తమాషా ఏంటంటే, కొత్త కోచ్ డేవిడ్ మోయెస్ వచ్చింది ఎవర్టన్ నుంచే. తన పాత క్లబ్ ఆటగాణ్ణే నెలరోజులు ఆలస్యంగా, నాలుగు మిలియన్లు ఎక్కువపెట్టి తెచ్చుకున్నారు.

వుడ్‌వర్డ్‌ని తెలివితక్కువవాడు అనడం తప్పు. తన పనిలో ఆయన దిట్ట. షెవర్లే జెర్సీ ఒప్పందం, అడిడాస్‌తో పదేళ్లకి 750 మిలియన్ పౌండ్ల ఒప్పందం ఆయన చలవే. లోపం తెలివిలో కాదు, అడగాల్సిన ప్రశ్నల్లో ఉంది. స్పాన్సర్ విషయంలో ఏ ప్రశ్న అడగాలో ఆయనకి తెలుసు. సెంటర్‌బ్యాక్ విషయంలో తెలియదు. తెలియనప్పుడు మనిషి ఏం చేస్తాడు? బాగా పేరున్న బ్రాండ్ కొంటాడు. కొత్త ఫ్రిజ్ కొనేటప్పుడు మనం చేసేది అదే కదా!

ఏంజెల్ డి మారియాని 2014లో సుమారు 60 మిలియన్ పౌండ్లకి కొన్నారు. ఏడాది తిరక్కుండా పారిస్‌కి నష్టానికి అమ్మారు. అలెక్సిస్ సాంచెజ్‌ని 2018 జనవరిలో భారీ జీతంతో తెచ్చారు. రెండున్నరేళ్ల తర్వాత ఇంటర్ మిలాన్‌కి ఉచితంగా వదిలేశారు. 2012లో వెళ్లిపోనిచ్చిన పాల్ పోగ్బాని 2016లో 89 మిలియన్లకి వెనక్కి కొన్నారు. 2022లో అతను మళ్లీ పైసా రాకుండానే వెళ్లిపోయాడు.

కోచ్‌ల వరస చూడండి. బంతిని ఓపిగ్గా అట్టిపెట్టుకోమనే వాన్ హాల్. తర్వాత, వెనక గోడ కట్టి ఎదురుదెబ్బ తీయమనే మౌరీనియో. తర్వాత, అందీ అందగానే ముందుకి పరిగెత్తమనే సోల్షియార్. ఆ తర్వాత, పై నుంచే ఒత్తిడి పెట్టమనే రాగ్నిక్. ఒక్కొక్కరిదీ ఒక్కో మతం. విడివిడిగా చూస్తే ఎవరి పద్ధతీ తప్పు కాదు. ఒకరి తర్వాత ఒకరిని అదే వరసలో పెట్టడమే తప్పు. ఒకే ఇంటికి నలుగురు మేస్త్రీలు, నాలుగు ప్లాన్లు. ‘మన ఇల్లు ఇలా ఉండాలి’ అని చెప్పే ఇంటాయన మాత్రం లేడు.

యునైటెడ్ చరిత్రలో మొట్టమొదటి ఫుట్‌బాల్ డైరెక్టర్‌గా జాన్ మర్టోని నియమించింది ఎప్పుడో తెలుసా? 2021 మార్చిలో. ఫెర్గూసన్ వెళ్లిన దాదాపు ఎనిమిదేళ్లకి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే.

మ్యూనిక్‌లో ముగ్గురు

ఇప్పుడు అటువైపు చూద్దాం. బేయర్న్ మ్యూనిక్ పేరు చెప్పగానే ‘ఆటగాళ్లే నడిపే క్లబ్’ అంటారు. ఊలీ హోనెస్ 1974 వరల్డ్ కప్ గెలిచిన జర్మన్ జట్టు సభ్యుడు. మోకాలి దెబ్బతో ఆట ఆగిపోయింది. 1979లో, 27 ఏళ్ల వయసులో, క్లబ్ మేనేజర్ కుర్చీలో కూర్చున్నాడు. అప్పట్లో క్లబ్ అప్పుల్లో ఉంది. 1984లో తమ పెద్ద స్టార్ కార్ల్ హైన్జ్ రుమెనిగాని ఇంటర్ మిలాన్‌కి అమ్మి, ఆ డబ్బుతో ఊపిరి పీల్చుకున్నారు. అదే రుమెనిగా 1991లో క్లబ్ ఉపాధ్యక్షుడిగా తిరిగొచ్చాడు. 2002 నుంచి 2021 దాకా బోర్డు ఛైర్మన్‌గా పనిచేశాడు.

ఈ కథలో అందరూ మర్చిపోయే మూడో మనిషి ఒకడున్నాడు, కార్ల్ హాప్నర్. స్టార్ ఆటగాడు కాడు. 1983 నుంచి క్లబ్ లెక్కలు, పరిపాలన చూసినవాడు. హోనెస్, రుమెనిగా వేదిక మీద మాట్లాడుతుంటే వెనక పద్దు సరిచూసింది ఆయన. అంటే బేయర్న్‌ది ‘ఆటగాళ్ల రాజ్యం’ అనడం సగం నిజమే. ఆట తెలిసినవాళ్లూ లెక్క తెలిసినవాడూ ఒకే గదిలో, దశాబ్దాల పాటు కలిసి కూర్చున్న క్లబ్ అది.

ఆ సూత్రం సగమే గుర్తుపెట్టుకుంటే ఏమవుతుందో కూడా బేయర్న్‌లోనే కనిపించింది. 2021లో రుమెనిగా స్థానంలో ఆలివర్ కాన్ వచ్చాడు. ప్రపంచంలోనే గొప్ప గోల్‌కీపర్లలో ఒకడు. క్లబ్ రక్తంలో ఉన్నవాడు. స్పోర్టింగ్ బాధ్యత ఇంకో మాజీ ఆటగాడు హసన్ సాలిహమిజిచ్‌ది. కాగితం మీద ఇంతకన్నా ‘ఫుట్‌బాల్ మనుషులు’ దొరకరు. 2023 మార్చిలో, మూడు టోర్నీల్లోనూ ఇంకా బరిలో ఉండగానే, కోచ్ నాగల్స్‌మన్‌ని తీసేశారు. ఏప్రిల్ ముగిసేసరికి రెండు టోర్నీలు చేజారాయి. మే 27న ఆఖరి మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో లీగ్ దక్కింది. వరసగా 11వ టైటిల్. అదే రోజు కాన్‌నీ, సాలిహమిజిచ్‌నీ పదవుల నుంచి తప్పించారు. కాన్ కుర్చీలోకి వచ్చింది ఎవరో తెలుసా? యాన్ క్రిస్టియన్ డ్రీసెన్. పాత బ్యాంకర్!

ఒకచోట బ్యాంకర్ వల్ల పోయిందంటారు. ఇంకోచోట గోల్‌కీపర్‌ని దించి బ్యాంకర్‌ని ఎక్కించారు. అంటే కుర్చీలో ఉన్నవాడి బూట్లు చూసి అతని పనితనం చెప్పలేం.

ల్యాప్‌టాప్ కుర్రాళ్లు

ఇంకో రకం వాళ్లున్నారు. బ్రైటన్ ఓనర్ టోనీ బ్లూమ్, బ్రెంట్‌ఫర్డ్ ఓనర్ మాథ్యూ బెన్‌హమ్ ఇద్దరూ బెట్టింగ్ లెక్కల ప్రపంచం నుంచి వచ్చినవాళ్లు. బెన్‌హమ్ చదివింది ఆక్స్‌ఫర్డ్‌లో ఫిజిక్స్. వుడ్‌వర్డ్ కూడా ఫిజిక్సేనని గుర్తుంది కదా, కాబట్టి సబ్జెక్టుని తప్పుపట్టకండి! బ్రెంట్‌ఫర్డ్ 2021లో, 74 ఏళ్ల తర్వాత, ఇంగ్లండ్ పై డివిజన్‌లో అడుగుపెట్టింది. బ్రైటన్ ఈక్వడార్ కుర్రాడు మొయిసెస్ కైసెడోని 2021లో నాలుగైదు మిలియన్లకి తెచ్చి, 2023లో చెల్సీకి 100 మిలియన్లకి పైగా అమ్మింది.

లివర్‌పూల్ సంగతి ఇంకా ఆసక్తికరం. అక్కడ ఓనర్లు అమెరికా బేస్‌బాల్ నుంచి వచ్చారు. స్పోర్టింగ్ డైరెక్టర్ మైకేల్ ఎడ్వర్డ్స్ పెద్ద ఆటగాడేమీ కాదు. పీటర్‌బరో కుర్రాళ్ల జట్టులో ఆడి, అక్కడితో ఆగిపోయినవాడు. ఆయన పక్కన కేంబ్రిడ్జ్‌లో ఫిజిక్స్ పీహెచ్‌డీ చేసిన ఇయాన్ గ్రాహమ్. మొదట్లో వీళ్లని చూసి పేపర్లూ, టీవీల్లో మాజీ ఆటగాళ్లూ బాగా నవ్వారు. 2017లో కోచ్ క్లాప్‌కి జర్మనీ ఆటగాడు బ్రాంట్ మీద మనసుంటే, ఎడ్వర్డ్స్ బృందం మొహమ్మద్ సలా కోసం పట్టుబట్టింది. ఆ సంగతి తర్వాత క్లాపే చెప్పాడు. రెండేళ్లకి ఛాంపియన్స్ లీగ్, మూడేళ్లకి ప్రీమియర్ లీగ్ వచ్చాయి.

అయితే ఆట అనుభవం అక్కర్లేదనేనా? అలా అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ఎడ్వర్డ్స్ లివర్‌పూల్‌కి రాకముందే పోర్ట్స్‌మత్‌లో, టోటెన్‌హామ్‌లో మ్యాచ్ విశ్లేషకుడిగా ఏళ్ల తరబడి పనిచేశాడు. రోజూ కోచ్‌ల మధ్యే, డ్రెస్సింగ్ రూమ్ పక్కనే ఉన్నాడు. మైదానంలో కాకపోయినా ఫుట్‌బాల్‌లోనే పెరిగాడు. బ్లూమ్ కూడా అన్నీ నాకే తెలుసని కూర్చోలేదు. టెక్నికల్ డైరెక్టర్‌గా డాన్ ఆష్‌వర్త్‌ని పెట్టుకున్నాడు. ఆయన వెళ్లాక స్కాట్లాండ్ మాజీ డిఫెండర్ డేవిడ్ వీర్‌ని కూర్చోబెట్టాడు.

మన సినిమా భాషలో చెప్పాలంటే, నిర్మాతకి కెమెరా పట్టడం రానక్కర్లేదు. కథ వినడం రావాలి. డైరెక్టర్‌ని ఎంచుకోవడం రావాలి. ఎంచుకున్నాక సెట్‌లో వేలు పెట్టకుండా ఉండటం రావాలి. బ్లూమ్ లాంటివాళ్లు చేసింది అదే. దీనికి ఎదురు ఉదాహరణ 2022లో చెల్సీ. కొత్త ఓనర్ టాడ్ బోలీ మొదటి వేసవిలో తానే తాత్కాలిక స్పోర్టింగ్ డైరెక్టర్‌గా కూర్చుని కొనుగోళ్లు నడిపించాడు. కొత్త ఆటగాళ్లు దిగిన కొద్ది రోజులకే, సెప్టెంబర్‌లో, కోచ్ టూహెల్‌ని తీసేశారు. వందల మిలియన్లు పోసిన ఆ సీజన్‌లో చెల్సీ చేరింది 12వ స్థానానికి. నిర్మాతే మెగాఫోన్ పట్టుకుంటే ఇలాగే ఉంటుంది.

పేర్లు వస్తే చాలదు

ఇక్కడిదాకా చదివి ‘సరే, ఆట తెలిసినవాళ్లని తెచ్చి పెట్టుకుంటే చాలు’ అనుకుంటున్నారా? మళ్లీ యునైటెడ్‌కే వెళ్దాం.

2024 ఫిబ్రవరిలో జిమ్ రాట్‌క్లిఫ్ క్లబ్బులో 27.7 శాతం వాటా కొని, ఫుట్‌బాల్ వ్యవహారాలు చేతిలోకి తీసుకున్నాడు. ఇన్నాళ్లూ ఫ్యాన్స్ అడిగిందంతా చేశాడు. సీఈఓగా మాంచెస్టర్ సిటీ నుంచి ఒమర్ బెరాడాని తెచ్చాడు. బ్రైటన్‌ని నిలబెట్టిన డాన్ ఆష్‌వర్త్‌ని న్యూకాజిల్‌కి పరిహారం కట్టి మరీ స్పోర్టింగ్ డైరెక్టర్‌గా తెచ్చాడు. మాజీ ఆటగాడు జేసన్ విల్‌కాక్స్ టెక్నికల్ డైరెక్టర్. ఖాళీ కుర్చీ నిండింది, అదీ పెద్ద పేర్లతో.

తర్వాత? 2024 జూలైలో కోచ్ టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించారు. ఆయనకి నచ్చిన ఆటగాళ్లని కొన్నారు. అక్టోబర్‌లో ఆయన్నే తీసేశారు. నవంబర్‌లో ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లతో ఆడించే అమోరిమ్‌ని తెచ్చారు. జట్టేమో నలుగురు డిఫెండర్ల పద్ధతికి కట్టినది. డిసెంబర్‌లో ఆష్‌వర్త్ కూడా వెళ్లిపోయాడు. చేరిన ఐదు నెలలకి! అడుసు తొక్కనేల, కాలు కడగనేల? టెన్ హాగ్ బృందాన్నీ, ఆష్‌వర్త్‌నీ పంపించడానికి అయిన ఖర్చు క్లబ్ లెక్కల్లోనే ఉంది. 14.5 మిలియన్ పౌండ్లు. 2024-25 సీజన్ ముగిసేసరికి యునైటెడ్‌ది 42 పాయింట్లతో 15వ స్థానం.

ఈ కథలో నాకు బాగా గుచ్చుకునేది ఆ 15వ స్థానం కాదు. అదే ఏడాది పొదుపు పేరుతో ముందు సుమారు 250 మంది ఉద్యోగుల్ని, తర్వాత ఇంకో 150 నుంచి 200 మందిని తగ్గిస్తామని క్లబ్ ప్రకటించింది. సిబ్బందికి పెట్టే ఉచిత మధ్యాహ్న భోజనం కూడా ఆపేసింది. ఆంటొనీని 80 మిలియన్ల పైచిలుకు పెట్టి కొన్న నిర్ణయంలో టికెట్ కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి పాత్ర ఏముంది? అతణ్ణి 2025లో అందులో మూడో వంతు కూడా రాకుండా అమ్మేసినప్పుడు క్యాంటీన్‌లో వడ్డించే పెద్దాయన చేసిన తప్పేంటి? పై గదిలో తప్పు ప్రశ్న అడిగితే కింది గదిలో కంచం పోతుంది. మేనేజ్‌మెంట్ గురించి మాట్లాడుకోవడం టైమ్‌పాస్ కాదని నేననేది అందుకే. ఉద్యోగం పోయినవాడికి అది ట్రోల్ కంటెంట్ కాదు.

ఆష్‌వర్త్ కథ చెప్పేదేంటి? మనిషిని తెస్తే చాలదు, మాట చెల్లాలి. అంతకుముందు రాగ్నిక్‌దీ ఇదే కథ. కోచింగ్ అయ్యాక రెండేళ్లు సలహాదారుగా ఉంటాడనే ఒప్పందం మీద వచ్చాడు. పైపై పూత చాలదు, క్లబ్ గుండెకే ఆపరేషన్ కావాలన్న అర్థంలో బహిరంగంగా చెప్పాడు. ఆ సలహాదారు పని మొదలవ్వకుండానే రద్దయింది. డాక్టర్ని పిలిచి, ఫీజిచ్చి, మందు చీటీ మాత్రం చించేశారు.

మన హైదరాబాద్ మాటేంటి?

ఇదంతా ఎక్కడో ఇంగ్లండ్, జర్మనీ గొడవ అనుకోకండి. ఈ ప్రశ్నకి అతి మంచి జవాబుల్లో ఒకటి మన ఊళ్లోనే ఉంది. సయ్యద్ అబ్దుల్ రహీం. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకి కోచ్‌గా తెలుసు. 1951, 1962 ఏషియన్ గేమ్స్ బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతి చలవే. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్‌లు గెలిపించాడు. సినిమా చూసినా చాలామంది పట్టించుకోని సంగతి, ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి కూడా. స్కూల్లో పాఠాలు చెప్పిన మాస్టారు, మైదానంలో కోచ్, ఆఫీసులో కార్యదర్శి. డ్రిబ్లింగ్ చేయకూడదనే నిబంధనతో కుర్రాళ్లకి టోర్నీలు పెట్టించాడు, పాస్ ఇవ్వడం అలవాటు కావాలని. ఆ ఆలోచన కోచ్‌ది. దాన్ని టోర్నీగా నడిపించే అధికారం కార్యదర్శిది. రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి కాబట్టే అది కాగితం మీద ఆగిపోలేదు.

మరి ఇప్పుడు? 2022లో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యకి ఎన్నికలు జరిగాయి. బైచుంగ్ భూటియా మీద మాజీ గోల్‌కీపర్ కల్యాణ్ చౌబే 33-1తో గెలిచాడు. ఏళ్ల తరబడి రాజకీయ నాయకులే కూర్చున్న కుర్చీలోకి మొదటిసారి ఒక ఆటగాడు వచ్చాడని సంబరపడ్డాం. తర్వాత 2027 ఆసియా కప్‌కి భారత్ అర్హత సాధించలేకపోయింది. వాణిజ్య ఒప్పందం తేలక 2025-26 ఐఎస్ఎల్ సమయానికి మొదలవ్వలేదు. ఆటగాళ్లు ‘మా లీగ్ ఎప్పుడు?’ అని సోషల్ మీడియాలో అడుక్కోవాల్సి వచ్చింది. కుర్చీలో ఆటగాడే ఉన్నాడు. మరి కుర్చీ చుట్టూ ఉన్న వ్యవస్థ?

ఇక మన హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చిలో ఐఎస్ఎల్ ఛాంపియన్. కోచ్ మనోలో మార్కెజ్ కుర్రాళ్లతో కట్టిన అందమైన జట్టు. రెండేళ్లు తిరక్కుండా జీతాల బకాయిలు, ట్రాన్స్‌ఫర్ నిషేధాలు, పట్టికలో ఆఖరి స్థానం. 2025లో క్లబ్ ఏకంగా ఢిల్లీకి వెళ్లిపోయింది. ఇక్కడ ఆట తెలిసినవాళ్లు లేక కాదు పోయింది. లెక్క సరిగ్గా లేక పోయింది. యునైటెడ్‌లో సమస్య ఒకవైపుది అయితే, మనది రెండోవైపుది. గచ్చిబౌలి స్టేడియంలో పసుపు జెర్సీలు వేసుకుని అరిచిన కుర్రాళ్లకి మాత్రం రెండింటికీ తేడా లేదు. వాళ్లకి టీమ్ లేదు, అంతే.

నా లెక్క ఇది

క్లబ్ పై గదిలో ఆట తెలిసిన మనిషి ఉండాలా? ఉండాలి. కచ్చితంగా ఉండాలి. కానీ అతను పాత స్టార్ కానక్కర్లేదు. గదిలో ఉన్న అందరూ ఆటగాళ్లే కావాల్సిన అవసరం అసలే లేదు. నేను చూసేవి మూడు.

ఒకటి, కాదనే అధికారం. ‘ఈ ఆటగాడు మన పద్ధతికి పనికిరాడు’ అని కోచ్‌కీ, ‘ఈ స్టార్ జెర్సీలు అమ్ముతాడు గానీ మ్యాచ్‌లు గెలిపించడు’ అని సీఈఓకీ చెప్పి ఆపగలగాలి. ఆ అధికారం లేకపోతే ఎంత గొప్ప పేరున్నా అతను ఫొటోలకే.

రెండు, కోచ్ కన్నా పొడుగైన కాలం. మూడు సీజన్ల తర్వాత ఫలించే కుర్రాడి మీద పందెం కట్టాలంటే, మూడు సీజన్లు తన కుర్చీ ఉంటుందన్న నమ్మకం ఉండాలి. ఐదు నెలల్లో పంపించేస్తే ఎవరైనా ఐదు నెలలకి పనికొచ్చే నిర్ణయాలే తీసుకుంటారు.

మూడు, పక్కన లెక్క తెలిసిన తోడు. గిల్ లేని ఫెర్గూసన్, హాప్నర్ లేని హోనెస్ కూడా సగమే. ఆట తెలిసినవాడికి ప్రతి ఆటగాడూ కావాలనిపిస్తుంది. లెక్క తెలిసినవాడికి ప్రతి ఆటగాడూ ఖర్చే. ఆ ఇద్దరూ ఒకరి మాట ఒకరు వినే క్లబ్బే బాగుపడుతుంది.

కాబట్టి ఈసారి మీ క్లబ్ కొత్త ఆటగాణ్ణి ప్రకటిస్తే, యూట్యూబ్‌లో స్కిల్స్ వీడియో వెతికే ముందు ఇంకో మూడు వెతకండి. ఇతణ్ణి ఎవరు ఎంచుకున్నారు? ఈ కోచ్ పోతే ఇతను వచ్చేవాడికి పనికొస్తాడా? నిర్ణయం బెడిసికొడితే జవాబు చెప్పేదెవరు? మూడింటికీ జవాబు దొరికితే నిశ్చింతగా జెర్సీ కొనుక్కోండి. ఒక్కదానికీ దొరక్కపోతే, మీ టీమ్‌ది కోచ్ సమస్య కాదు. కోచ్‌ని మార్చమని హ్యాష్‌ట్యాగ్ పెట్టి టైమ్ వేస్ట్ చేసుకోకండి.